కుర్మయ్య సార్ గొంతు పోయిన యాత్ర

మొన్న పొద్దున లేచేసరికి నా గొంతు పూడుకుపోయింది. ముందురోజు అలంపూర్‌లో, తుంగభద్ర గాలి హోరుమంటుంటే, యాత్రికులను బస్సు దగ్గరికి పిలిచి పిలిచి వచ్చిన ఫలితం అది. అమ్మ ఒక కరక్కాయ ముక్క తెచ్చి బుగ్గన పెట్టుకోమంది. నాలుకకు తగలగానే వగరు నోరంతా పట్టేసింది. దానితోపాటే కుర్మయ్య సార్ గుర్తొచ్చారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ కరక్కాయ ముక్కలుండేవి. ప్రయాణంలో ఎవరు దగ్గినా, ఎవరు తుమ్మినా, ఆఖరికి ఏ ఇల్లాలైనా మొగుడితో గొడవపడి కళ్ళు తుడుచుకుంటున్నా, ఒక ముక్క తీసి చేతిలో పెట్టేవారు. బుగ్గన కరక్కాయ ఉన్న మనిషి ఎక్కువ మాట్లాడలేదు కాబట్టి చాలా గొడవలు అక్కడికే చల్లారేవని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది.

ఆయనను చూడనివాళ్ళకు ముందుగా ఆయన గొంతు గురించి చెప్పాలి. మనిషి పొట్టి, మీసాలు పెద్దవి, గొంతు ఆ రెండింటికీ సంబంధం లేనిది. ఉద్యోగమంతా ఎర్రబస్సు కండక్టరుగా వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ దారుల్లోనే చేశారు. గద్వాల బస్టాండులో ఆయన వనపర్తి అని ఒక్క పిలుపు పిలిస్తే, ఎక్కడికీ పోయే పనిలేనివాళ్ళు కూడా ఒక అడుగు ముందుకు వేసేవారట. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే ఆ గొంతును భరించడం ఇంట్లోవాళ్ళ వల్ల కాలేదు. భార్య పోరు పడలేకే గద్వాల పాత బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని యాత్రల ఆఫీసు తెరిచానని ఆయనే చెప్పేవారు. మొదట శ్రీశైలం, తర్వాత కాశీ, ఆ తర్వాత నేపాల్, శ్రీలంక. దూరం పెరిగింది కానీ పద్ధతి మారలేదు. విమానంలో కూడా తన గుంపులో చివరి మనిషి కూర్చునేదాకా నడవాలో నిలబడే ఉండేవారు. విమాన సిబ్బంది బతిమాలి కూర్చోబెడితే, పక్కనున్న గోడను అరచేత్తో రెండుసార్లు తట్టి "రైట్" అనేవారు. ఆ తర్వాతే విమానం కదిలేది. తాను తట్టినందువల్లే కదిలిందని ఆయన ఎన్నడూ అనలేదు, కాదని కూడా అనలేదు.

నేను ఆయన దగ్గర చేరడానికి కారణం సరిగ్గా దానికి వ్యతిరేకమైన గొంతు. మాది ధరూర్. చరిత్రలో ఎం.ఏ. చదివి గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. నా మాట మొదటి రెండు వరుసలు దాటేది కాదు. వెనక బెంచీల పిల్లలు ఏడాది పొడుగునా నా పెదవులు కదలడం చూసి, పరీక్షలో తమకు తోచింది రాశారు. అశోకుడు గద్వాల కోట కట్టించాడని రాసినవాడు కూడా ఉన్నాడు. బడివాళ్ళు నన్ను మర్యాదగానే సాగనంపారు. అప్పుడు ఎవరో చెబితే కుర్మయ్య సార్ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడొక పాత ఫ్యాను ఉండేది. తిరుగుతుంటే పిండిగిర్ని ఆడుతున్నట్టుండేది. దాని కింద కూర్చుని నా చదువు సంగతులు చెప్పాను. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు, బల్ల మీదికి వంగారు, చివరికి కుర్చీ ఎత్తుకుని నా పక్కకే వచ్చి కూర్చున్నారు. ఈ ఉద్యోగం కూడా పోయిందనే అనుకున్నాను.

"బిడ్డా, నువ్వు చెప్పిందాంట్ల సగం నాకు ఇనరాలే. గని నీ మాట ఇననీకె నేను గింత దూరం జరిగొచ్చిన. నేను మాట్లాడితే జనం చెవులు మూస్కొని ఎనక్కి పోతరు. రేపటి సంది పనికి రా" అన్నారు.

శ్రీలంక యాత్ర నాకు మొదటి విదేశం. మా చుట్టుపక్కల మూడు జిల్లాల నుంచీ ఒక బస్సుకు సరిపడా జనం వచ్చారు. రైతులు, దుకాణాలవాళ్ళు, రిటైరైన ఉద్యోగులు, ఎక్కువమంది పెద్దవాళ్ళే. క్యాండీ చూశాం, అక్కడి నుంచి కొండల్లో ఉన్న నువారా ఎలియాకు పోయాం. ఊళ్ళ చరిత్ర చెప్పడం నా పని, తక్కినదంతా ఆయనది. కానీ నా పని కూడా చాలాసార్లు ఆయనే చేసేసేవారు. తేయాకు తోటల దగ్గర బస్సు ఆపి, ఇంగ్లీషు దొరలు ఈ మొక్కలను తమ నడుం ఎత్తుకు కత్తిరించి పెట్టారనీ, దొర పొట్టిగా ఉన్న తోటలో మొక్కలు కూడా పొట్టిగానే ఉంటాయనీ అందరికీ చెప్పారు. అది నిజం కాదని నేను సవరించాను. ఎవరికీ వినిపించలేదు. మా బస్సు డ్రైవరు సునీల్ అనే సింహళాయన. అతనికి తెలుగు రాదు, మా సార్‌కు తెలుగు, జర ఉర్దూ తప్ప మరేదీ రాదు. అయినా ఇద్దరూ ముందు సీట్లలో కూర్చుని పొద్దస్తమానం మాట్లాడుకునేవారు. సునీల్‌కు ఇద్దరు కూతుళ్ళనీ, పెద్దమ్మాయికి లెక్కలంటే భయమనీ సార్ మాకు చెప్పారు. మీకెలా తెలిసిందని అడిగితే, అతనే చెప్పిండు గదా అని ఆశ్చర్యపోయారు.

ఆ గుంపులో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు విఠల్‌రావు సార్, గద్వాలలోనే రెవెన్యూ ఆఫీసులో పెద్ద పని చేసి రిటైరైనవారు. తనకు తెలియని సంగతి ఒకటుందంటే ఆయనకు నిద్ర పట్టదు. హోటల్ గదిలో నీళ్ళు వేడిగా ఉంటే వేడిగా ఉన్నాయనీ, చల్లగా ఉంటే చల్లగా ఉన్నాయనీ ఫిర్యాదు చేసేవారు. భార్య సుమిత్రమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వెనకే నడిచేది. రెండో మనిషి బాలకిష్టమ్మవ్వ. బిజినేపల్లి దగ్గర ఊరు, పల్లీ వేసుకుని బతికే ఇల్లు. ఒంటరిగా వచ్చింది. ఆమెకు గుళ్ళూ తోటలూ అక్కర్లేదు. రోజూ పొద్దున బస్సెక్కుతూనే సముద్రం ఎప్పుడొస్తదని అడిగేది. మేం శ్రీలంకలో దిగింది చీకట్లో కాబట్టి దారిలో ఏమీ కనబడలేదు. క్యాండీలో చెరువు ఒడ్డున బస్సు ఆగితే ఇదేనా అంది. కాదు అవ్వా, ఇది చెరువు అన్నాను. మా ఊరి చెరువే నయం అని మళ్ళీ వెళ్ళి సీట్లో కూర్చుంది.

నువారా ఎలియా దగ్గర సీతమ్మ గుడి ఉంది, పక్కనే వాగు. మేం పోయిన రోజు సన్నటి జల్లు, ఎముకలు కొరికే చలి. మనవాళ్ళు ఫొటోల కోసం వాగు పొడుగునా చెల్లాచెదురయ్యారు. కుర్మయ్య సార్ తడి రాళ్ళ మీద నిలబడి ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచి పోగుచేశారు. గొడుగు వేసుకోలేదు. తలకు తువ్వాలు చుట్టుకోమంటే, కండక్టరుకు జలుబు చేయదని కొట్టిపారేశారు. మర్నాడు పొద్దున హోటల్లో ఫలహారాల దగ్గర అందరినీ పిలుద్దామని నోరు తెరిచారు. పంక్చరైన సైకిలు ట్యూబులోంచి వచ్చినట్టు గాలి మాత్రమే వచ్చింది. మళ్ళీ ప్రయత్నించారు. ఆ గాలి కూడా రాలేదు.

ఆ తర్వాత గంటసేపు జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు ఆగదు. సార్ మాట్లాడటం లేదన్న వార్త బల్ల బల్లకూ పాకింది. ఎందుకు మాట్లాడటం లేదన్నదానికి ఎవరి లెక్క వారిది. తన మీద కోపం వచ్చిందని విఠల్‌రావు సార్ అనుకున్నారు. నిన్నటి దుప్పటి గురించి తాను అన్నది మనసులో పెట్టుకోవద్దనీ, నిజానికి దుప్పటి బాగానే ఉందనీ అందరి ముందూ ఒప్పుకున్నారు. కుర్మయ్య సార్ చేతులూపి కాదు కాదు అన్నారు. ఆ చేతులు ఊపడం చూసి, కోపం ఇంకా తగ్గలేదనుకుని విఠల్‌రావు సార్ హోటల్ వడ్డన కూడా పొగడటం మొదలుపెట్టారు. అవతల వనపర్తి ఆడవాళ్ళ లెక్క వేరు. సీతమ్మ గుడిలో మొక్కుకుని సార్ మౌనవ్రతం పట్టారని వాళ్ళు తేల్చారు. ఒకామె లేచివచ్చి కాళ్ళకు దండం పెట్టింది. సార్ కంగారుగా వెనక్కి జరిగారు. అంత నిష్ఠగా ఉన్నారా, ముట్టుకోనివ్వడం లేదే అని మిగతావాళ్ళు కూడా లేచారు. ఆయన గొంతు పట్టుకుని చూపించారు, నోరు తెరిచి చూపించారు, చివరికి నా వైపు దిక్కులేనివాడిలా చూశారు. సార్‌కు గొంతు పోయిందని నేను చెప్పాను. నా మాట ముందు బల్ల దాటలేదు. వెనక బల్లలవాళ్ళు పూజకు పూలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతూనే ఉన్నారు.

సునీల్ మమ్మల్నిద్దరినీ ఒక దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ నిదానస్తురాలు. లైటు పెట్టి చాలాసేపు గొంతులోకి చూసింది. జలుబు ఒక్కటే కాదనీ, స్వరపేటిక మీద ఏదో చాలాకాలంగా పెరుగుతూ ఉందనీ, ఇంటికి పోగానే పెద్ద డాక్టరుకు చూపించాలనీ ఇంగ్లీషులో నాకు చెప్పింది. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుసలు కూడా వద్దు, గొంతును బలవంతపెడితే అది పూర్తిగా పోవచ్చు. నేను తెలుగులో చెప్పాను. సార్ ఏదో అడగబోయారు. ఆమె తన చెయ్యి ఆయన నోటికి అడ్డం పెట్టేసింది. బయటికి వచ్చాక ఆయన బస్సు మెట్టు మీద కూర్చుండిపోయారు. అంతకుముందు ఎన్నడూ ఆ మనిషి భయపడటం నేను చూడలేదు. ఊరంతా వినబడే గొంతున్న మనిషి, ఆ గొంతే ఇల్లూ వాకిలీ అనుకుని బతికిన మనిషి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నారు. కాసేపటికి లేచి, బస్సులో మైకు తీసి, నా చేతిలో పెట్టి, తాను పోయి తలుపు దగ్గర మెట్టు మీద కూర్చున్నారు. ఇక ఆ మెట్టు మీంచి ఆయన కదలలేదు.

మర్నాడే తిరుగు ప్రయాణం. పొద్దున కొండ దిగి, కొలంబోలో దుకాణాలకు పోయి, సాయంత్రం విమానాశ్రయం పక్కనే ఉన్న నెగొంబోలో సముద్రం చూసి, రాత్రి విమానం ఎక్కాలని గద్వాలలోనే అందరికీ చెప్పి ఉంచాం. రాత్రంతా వాన పడింది. సగం కొండ దిగేసరికి దారి మీద మట్టిపెళ్ళలు విరిగిపడ్డాయి. ముందు లారీలు, వెనక బస్సులు, కిందా మీదా తేయాకు తోటలు. అక్కడే మధ్యాహ్నం దాటింది. ఆకలైనప్పుడు మనవాళ్ళు సంచులు విప్పారు. ఎండు జొన్నరొట్టెలు, పల్లీల కారం, ఎర్ర కారం వేసిన మామిడి తొక్కు బయటికి వచ్చాయి. వెనక బస్సులోని లంకవాళ్ళకు కూడా తలా ఇంత పెట్టారు. వాళ్ళు పల్లీల కారం తిని కళ్ళు తుడుచుకుంటూ ఇంకొంచెం అడిగారు. దారి తెరుచుకునేసరికి సునీల్ గడియారం చూపించి తల అడ్డంగా ఊపాడు. దుకాణాలో సముద్రమో, ఏదో ఒకటే కుదురుతుంది.

విఠల్‌రావు సార్ వెంటనే లేచి నిలబడ్డారు. సముద్రంలో కొత్తగా చూసేదేముంది, నీళ్ళే కదా, చుట్టాలకు ఏమీ కొనకుండా ఒట్టి చేతులతో ఊళ్ళో ఎట్లా దిగుతాం, కోడళ్ళకు ఇక్కడి అద్దకం చీరలు తెస్తానని మాటిచ్చి వచ్చాను అన్నారు. సగం బస్సు అవునంది. మిగతా సగం ఏమీ అనలేదు. నేను కుర్మయ్య సార్ వైపు చూశాను. మెట్టు మీద కూర్చుని ఆయన బయట తేయాకు తోట వైపు చూస్తున్నారు. సార్ అన్నాను. తిరగలేదు. దగ్గరికి పోయి భుజం మీద తట్టాను. తోటలో ఏదో వింత కనబడుతున్నట్టు ఇంకొంచెం అటే తిరిగారు. చేత్తో ఒక్క సైగ చేసినా సరిపోయేది. చెయ్యలేదు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. అది గుర్రుమని ఒక చప్పుడు చేసి చచ్చిపోయింది. వానకు తడిసినట్టుంది.

ఇక చేసేదేమీ లేక బస్సు నడిమికి పోయి నిలబడ్డాను. అవ్వా, మీకు సముద్రం ఎందుకు చూడాలని ఉందో అందరికీ చెప్పండి అని బాలకిష్టమ్మవ్వను అడిగాను. ముందు ఆమె చెప్పనంది. మీరు చెప్పకపోతే ఈ బస్సు దుకాణాలకే పోతుంది అన్నాను. నా మాట వినడానికి వెనక సీట్లవాళ్ళు లేచి ముందుకు రావలసివచ్చింది. అట్లా అందరూ ఆమె చుట్టూ చేరారు.

ఆమె చెప్పింది ఇది. ఆమె భర్త వయసులో ఉన్నప్పుడు మన పాలమూరు కూలీల గుంపుతో బొంబాయి అవతల ఎక్కడో ఓడరేవు కట్టే పనికి పోయాడు. తిరిగొచ్చి, ఒక ఒడ్డు మాత్రమే ఉండి రెండో ఒడ్డు లేని నీళ్ళు చూశాననీ, అవి వాటంతటవే ముందుకొచ్చి వెనక్కి పోతుంటాయనీ, నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటాయనీ చెప్పాడు. ఊరంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆమె. అప్పటి నుంచి ఆ ఇంట్లో అబద్ధానికి సముద్రం అని పేరుపడింది. వాన వస్తదని ఆయన అంటే ఇదీ నీ సముద్రమేనా అనేది. బస్సు వెళ్ళిపోయిందని చెప్పినా, పల్లీ ధర పెరిగిందని చెప్పినా అదే మాట. తర్వాత టీవీలు వచ్చాయి. కానీ టీవీల్లో మనుషులు గాల్లో ఎగిరి కూడా కొట్టుకుంటారు, దాన్ని ఎట్లా నమ్మేది? ఇప్పుడు ఆయనకు మోకాళ్ళు పోయాయి. నేనెట్లాగూ పోలేను, నువ్వే పోయి నీ కండ్లతో చూసి రా అని ఈ యాత్రకు పంపించాడు.

"ఉంటే ఉన్నదని చెప్త, లేకుంటే లేదని చెప్త. ముసలాయన ఎదురు చూస్తుండు. నేను చూడకుంట ఇంటికి పోతే ఇంగ ఏం చెప్పాలె?" అంది.

విఠల్‌రావు సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, అయినా చీరల సంగతి అని మొదలుపెట్టారు. అప్పుడు సుమిత్రమ్మ ఆ యాత్రలో మొదటిసారి నోటి మీది కొంగు తీసింది. "గద్వాల సంది వచ్చి గీడ చీరలు కొంటవా? మన మగ్గాలోళ్ళు ఇంటే నవ్వుతరు. కూసో" అంది. బస్సంతా నవ్వింది. ఆయన కూర్చున్నారు. నేను సునీల్ దగ్గరికి పోయి నెగొంబో అన్నాను. కుర్మయ్య సార్ అప్పుడు కూడా ఇటు తిరగలేదు.

పొద్దు ఇంకా ఉండగానే సముద్రం దగ్గరికి చేరాం. బాలకిష్టమ్మవ్వ చెప్పులు విడిచి, ఎవరినీ చూడకుండా, పొలంలోకి దిగినట్టు నేరుగా నీళ్ళలోకి నడిచింది. వంగి దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుంది. ఉమ్మేయలేదు. మింగింది. కాసేపు అట్లాగే నిలబడి, వెనక్కి వచ్చి ఇంటికి ఫోను కలపమంది. నా ఫోనులో వాళ్ళాయన మొహం కనిపించింది, తెల్లటి గడ్డం, వెనక గోడ మీద క్యాలెండరు. నేను ఫోను సముద్రం వైపు తిప్పాను. ఆయన చాలాసేపు చూశాడు.

"ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నది" అంది ఆమె.

"ఉప్పగున్నదా?"

"ఉన్నది అంటున్న గదా."

ఇంగ ఇంటికి రా అని ఆయన ఫోను పెట్టేశాడు. నలభై ఏండ్ల తగాదా అంతలో తెగిపోయింది. నేను ఫోను జేబులో పెట్టుకునేలోపు ఆమె మళ్ళీ నీళ్ళలోకి పోయి, అలలు విరిగే చోట చతికిలబడి కూర్చుంది. అల వచ్చినప్పుడల్లా భుజాల దాకా మునిగి, మళ్ళీ తేలుతూ, కట్టెదుట ఉన్నదాన్ని ఇంకా నమ్మలేనట్టు చూస్తూ ఉంది. ఆమెను చూసి మిగతావాళ్ళకు కూడా ధైర్యం వచ్చింది. చీరలు పైకి దోపుకుని, ప్యాంట్లు మడుచుకుని, బస్సు బస్సంతా సముద్రంలో ఉంది. సముద్రంలో కొత్తేముందన్న విఠల్‌రావు సార్ అందరికన్నా ముందున్నారు.

విమానానికి పోవలసిన వేళ అయింది. నేను పిలిచాను. అలల హోరులో నా మాట నాకే వినబడలేదు. సునీల్ హారను కొట్టాడు, అక్కడ రోడ్డు మీద అన్ని బండ్లూ కొడుతూనే ఉన్నాయి. కుర్మయ్య సార్ కాసేపు అటూ ఇటూ తిరిగి, నోరు తెరవబోయారు. నేను వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. అప్పుడు జేబులోంచి ఈల తీసి బలంగా ఊదారు. మన గుంపులో ఒక్కరూ తల తిప్పలేదు. కానీ తీరంలో కాపలా ఉండేవాళ్ళు ముగ్గురు, ఎవరో మునిగిపోతున్నారనుకుని, తాళ్ళూ ట్యూబులూ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఎవరు మునిగారని వాళ్ళు సార్‌ను అడుగుతున్నారు. సార్ తన గొంతు చూపిస్తున్నారు. నీళ్ళు మింగింది ఈయనేనని వాళ్ళు ఆయనను ఇసుకలో పడుకోబెట్టబోయారు.

ఆ క్షణాన నాకు ఏమైందో ఇప్పటికీ చెప్పలేను. ఒకపక్క విమానం, ఒకపక్క నీళ్ళలో ఆ ముసలమ్మ, ఇంకోపక్క బలవంతంగా పడుకోబెడుతుంటే కాళ్ళు కొట్టుకుంటున్న మా సార్. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాను.

"బిజినేపల్లీ, నాగర్‌కర్నూల్... గద్వాలా, వనపర్తీ... లాస్ట్ బస్సూ."

అది నా గొంతేనని నేను నమ్మలేదు. సముద్రంలో ఉన్న తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. బాలకిష్టమ్మవ్వ దిగ్గున లేచి, తడి చీర పట్టుకుని, ఆపుండ్రి ఆపుండ్రి అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనక అందరూ. ఎవరి చెప్పులు ఎవరివో చూసుకోలేదు. విఠల్‌రావు సార్ అందరినీ దాటుకుని బస్సు దగ్గరికి పోయి, జేబులోంచి తడి దస్తీ తీసి, కిటికీలోంచి సీటు మీదికి విసిరి ఆపుకున్నారు. అది వారం రోజులుగా ఆయన కూర్చుంటున్న సీటే. కుర్మయ్య సార్ ఇసుకలోంచి లేచి కూర్చుని నవ్వుతున్నారు. చప్పుడు లేదు. భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. కాపలావాళ్ళు ఈసారి నిజంగానే భయపడి వీపు మీద చరిచారు.

తిరిగొచ్చాక హైదరాబాదులో ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. భయపడవలసిన జబ్బు కాదని తేలింది. కానీ పాత గొంతు మళ్ళీ రాలేదు. ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు వినిపించే కొత్త గొంతు ఒకటి వచ్చింది. ఆఫీసుకు ఫోను చేసినవాళ్ళు కుర్మయ్య సార్‌కు ఇవ్వమనేవారు. ఆయన నేనే అంటే నమ్మక పెట్టేసేవారు. కొన్నాళ్ళు ఆయన ఫోను మోగితే మొహం తిప్పుకునేవారు, అది చూడటం నాకు కష్టంగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఫ్యాను మార్పించారు. చప్పుడు చెయ్యని ఫ్యాను కింద, ఎదుటివాళ్ళు వంగి వింటుంటే, మెల్లగా ముచ్చట్లు చెప్పడం ఆయనకు నచ్చినట్టే ఉండేది. యాత్రల్లో పిలవడం, పోగుచేయడం అన్నీ నాకు వదిలేశారు.

ఒకనాడు మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, చాయ్ తాగుతూ అడిగాను. ఆనాడు కొండ మీద బస్సులో నేను అంతగా బతిమాలుతుంటే ఒక్కసారి నా వైపు ఎందుకు చూడలేదు, నన్ను నా కాళ్ళ మీద నిలబెట్టాలనా అని. ఏదో గొప్ప మాట చెబుతారనుకున్నాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, వినబడదేమోనని నా వైపు జరిగారు.

"గట్లేం లేదు బిడ్డా. నేనైతే దుకాణాలకే తీస్కపోదును. విఠల్‌రావు సార్‌కు చుట్టాలు మస్తు మంది, మళ్ళేడు యాత్రకు వస్తరని నా ఆశ. నేను నీ దిక్కు చూస్తే నువ్వు నా మొకంల దుకాణాలు చూస్తవు. చూసినంక ఇంగ సముద్రం అననీకె నీకు నోరు రాదు. నా ఆలోచన మంచిది గాదని నాకు తెల్సు. అందుకే మొకం అటు తిప్పుకున్న."

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఆఫీసు నేనే నడుపుతున్నాను. ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్ళు ప్రయాణం మధ్యలో ఏదైనా చిక్కు వస్తే తిరిగి నా మొహం చూస్తారు. చాలాసార్లు నా దగ్గర సమాధానం సిద్ధంగానే ఉంటుంది. అది మంచి సమాధానమేనా అని నన్ను నేను అడుగుతాను. కాదనిపించిన రోజు, కిటికీలోంచి బయటికి చూస్తాను. పాలమూరు దారుల్లో తేయాకు తోటలు ఉండవు, పత్తిచేలు ఉంటాయి, వాటినే చూస్తూ కూర్చుంటాను. నా వెనక ఎవరో ఒకరు గొంతు సవరించుకోవడం వినిపిస్తుంది.